జమున ఖాళీగ ఇడిసిన బుగ్గలు

జమున బొమ్మల పుస్తకాలు కోరుట్ల బస్టాండ్ల పేపర్ల దుకాణంల ఇప్పటికి గూడ ఒకటో రెండో దొరుకుతయి, అడుగున పడి, అంచులు ఎలుకలు కొట్టి. గవ్విట్ల బొమ్మలు గీసింది నేను. నా పేరు ఏసయ్య. కోరుట్లల బోర్డుల పెయింటర్ను. నాలుగో తరగతి దాక చదివిన. నాకు అక్షరాలు గీయస్తది గని రాయరాదు. గందుకే నేను చెప్తుంటే మా బిడ్డ మనీషా గిది రాస్తున్నది. ఏమన్న తప్పు దొర్లితే ఆమెను అనుర్రి.

బొమ్మల పుస్తకమంటే మీకెర్కే. గళ్లు గళ్లు ఉంటయి, ఒక్కో గడిల ఒక బొమ్మ, బొమ్మల మనిషి నోట్లకెళ్లి బుగ్గ లెక్క ఒకటి ఎల్లుతది, గండ్ల మాట రాసుంటది. బొమ్మ ఎవడన్న గీస్తడు. గా బుగ్గల ఏం రాయాలె, ఏం రాయొద్దు అనేదే అసలు పని. గది జమున పని.

ఇప్పుడు జమున అంటే మందికి యాదికచ్చేది 'పెట్టె'. దుబాయ్‌కెళ్లి అచ్చే అట్టపెట్టె లోపట కూసోని పైకి చూసినట్టుంటది గా బుక్కంత. మూత తెరిసినప్పుడల్లా ఒక మొఖం తొంగి చూస్తది. ఎయిర్‌పోర్టోడు, దోస్తు, అత్త, ఆడిబిడ్డ. ఆఖరుకు పెండ్లాం. గప్పటికి పెట్టెల ఏం మిగలది. గా బుక్కచ్చినంక మా గల్లిల కొంతమంది ఆడిబిడ్డలు నాతోని మాట్లాడుడు బందువెట్టిర్రు. మొఖాలు గీసింది నేనాయె. గా తర్వాత 'తాను' అచ్చింది. గది సిరిసిల్ల సాంచాల ముచ్చట. సాంచాలంటే కరెంటు మగ్గాలు. గా బుక్కుకు పేజీలే లేవు, పొడుగు కాయిదం బట్టల తాను లెక్క మడతలు మడిసి ఉంటది. ఇప్పుకుంట పోతే గల్లి మొత్తం అస్తది. సాంచాల సప్పుడును ముందు ఇండ్ల మీద పెద్ద పెద్ద అక్షరాలతోని గీసిన, పోంగ పోంగ చిన్నగ చేసిన. ఆఖరి మడతల ఇల్లుంటది, సప్పుడుండది.

గని గవన్ని తర్వాత. ముందుగాల అచ్చింది 'సగం ఫోను'. గా మొదటి బుక్కు కాడనే జమున రాసుడు ఆగిపోవాల్సింది. గది ఎట్ల ఆగకుంట పోయిందో గదే చెప్త.

జమునది ఎల్లారెడ్డిపేట దిక్కు. గౌడోళ్ల పిల్ల. నాయిన తాళ్లెక్కెటోడు. ఆనలు లేక, కల్లు పారక, ఇల్లు నడువక, పిల్లను ఆరో తరగతిల బడి మాన్పిచ్చి ఒళ్లె బీడీల చాట పెట్టిర్రు. తునికాకు కత్తిరించుడు, తంబాకు వోసుడు, సుట్టుడు, దారం కట్టుడు. మా దిక్కు ఆడోళ్లకు గదే బడి, గదే కొలువు. చదువు మీది ఇష్టం పోలే ఆమెకు. కిరాణ దుకాణంల పుట్నాలు కట్టిచ్చిన కాయిదాల మీద బొమ్మల కథలుంటుండె, అవి చదివేది.

"సగమే దొరికేదన్నా," అని చెప్పింది నాకొకసారి. "తర్వాతి పేజీ ఇంకెవలి పుట్నాలకో పోయేది. మిగిలిన సగం చాట ముంగట కూసోని నేనే అనుకునేదాన్ని. ఒక్కోసారి పొద్దుకో తీరు అనుకునేదాన్ని."

పెండ్లయి సిరిసిల్లకచ్చింది. మొగడు లచ్చయ్య సాంచాలు నడుపుతుండె. మంచోడు, మాట తక్కువ. గా రోజులల్లనే సాంచాలు ఒకటెన్క ఒకటి బందయినయి. పొద్దంత దడ్‌దడ్‌మనే ఊరు సప్పుడు చెయ్యకపాయె. పొద్దున లేస్తే ఏ ఇంట్ల ఏం ఇనవలసి వస్తదో అని మంది భయపడిన రోజులు. లచ్చయ్య భీవండికి పోయిండు, ఆడ మగ్గాలల్ల పనికి. ఎక్కువమంది మొగోళ్లు షార్జా, దుబాయ్, మస్కట్ పోయిర్రు. కోరుట్లల, జగిత్యాలల అయితే ఇంటికొకడు పోయిండు. ఊళ్లల్ల ఆడోళ్లు, ముసలోళ్లు, బీడీలు మిగిలినయి.

గప్పుడు చేతుల ఫోన్లు లేవు. శుక్రారం అరబ్బు దేశాలల్ల సెలవు. గా పొద్దు ఎస్టీడీ బూత్ ముంగట ఆడోళ్లు చాటలు పట్టుకోని వరుసగ కూసోని బీడీలు చేసుకుంట ఫోన్ల కోసం చూస్తుండె. ఫోన్ అస్తే బూతాయన తలుపు తీసి, "లచ్చవ్వ, మస్కట్!" అని ఒర్రేది. చాట పక్కామె ఒళ్లెవెట్టి ఉరికేది. బూతుకు అద్దాల తలుపు ఉండె గని అది మూసుకోకపోయేది. లోపటామె మాట్లాడేదంత బయట ఇనవడేది. అవుతలాయన ఏమన్నడో ఇనవడది. ఎవలన్న రాకపోతే వాళ్ల మొగడు బూతాయనకే ముచ్చట చెప్పేది. బూతాయన కూరగాయలామెకు చెప్పేది, ఆమె పాలాయనకు చెప్పేది, ఆయన ఇంటికాడ చెప్పేది. మాట ఎవలి నోట్లకెళ్లి అచ్చినా మొగని మాటే. మా దిక్కు గట్లనే నడిసింది. గీ సంగతి యాదిల పెట్టుకోర్రి.

గా బూతు బోర్డు రాయనీకి నేను సిరిసిల్ల పోయిన. నిచ్చెన మీద ఉన్న. కిందికెళ్లి ఒకామె బీడీ సుట్టుకుంట నన్నే చూస్తున్నది.

"అన్నా, అక్షరాలేనా, మనుషులను గూడ గీస్తవా?"

"గీస్త. జగిత్యాలల పండ్లు పీకే డాక్టరు బోర్డు మీద డాక్టర్‌ను గీసిన. కోరుట్లల చికెన్ సెంటర్‌కు కోడిని గీసిన."

"డాక్టర్‌కు, కోడికి నడుమ మామూలు మనుషులుంటరు గదా, గాళ్లను?"

పక్కకు కూసున్నోళ్లు నవ్విర్రు. నాకు జర రోషమచ్చింది. కిందికి దిగి, సుద్దముక్కతోని బూతు గోడ మీద ఆమెనే గీసిన, చాటతోని. చూసి, "ముక్కు బాగలేదు గని చేతులు బాగున్నయి" అన్నది. గట్ల ఖరారైంది మా పని.

ఆమె అనుకున్న బుక్కు గిది. ప్రతి గడిల ఒకామె బూతుల ఫోన్ పట్టుకోని ఉంటది. ఆమె మాట బుగ్గల రాసుంటది. ఫోన్ల నుంచి గూడ ఒక బుగ్గ ఎల్లుతది, గది ఖాళీ.

"గిదేంది చెల్లె, సగం పని చేస్తే మంది నవ్వరా?" అన్న.

"మనకు ఇనవడనిది మనం రాస్తే అబద్ధమైతది ఏసన్నా. ఎవలకు తోచింది వాళ్లు అనుకుంటరు."

మాటలన్ని బూతు కాడియే. ఎవలి పేరు పెట్టలే, మొఖాలు గూడ నేను వేరేయి గీసిన. గీసిన కాయిదాలు తెచ్చి బీడీల కాడ పట్టుకోని నిలవడేది జమున. ఒక గడిల పెండ్లాం అంటది: "ఏం తిన్నవ్?" ఫోన్ బుగ్గ ఖాళీ.

"బిర్యాని అంటున్నడు," అన్నది ఒకామె.

"బిర్యానా నీ బొంద. ఖబూస్ రొట్టె, నీళ్లపప్పు. బిర్యాని అని అబద్ధమాడుతున్నడు."

"అబద్ధమైతే గంతసేపు ఆగుతడా? ఏం తిన్నడో యాదికి తెచ్చుకుంటున్నడు పాపం."

గట్ల ఒక్క బుగ్గ మీద పొద్దంత ముచ్చట. చేతులు ఆగవు, బీడీలు అయితనే ఉంటయి. నేను బోర్డులు రాయవట్టి ఎన్నేండ్లో, నా బోర్డు ముంగట ఎవడు గంతసేపు నిలవడలే.

అందరికంటె నవ్వేది సాయవ్వ. జమునకు వదినె వరుస. ఆమె మొగడు రాజయ్య గూడ తాళ్లెక్కెటోడే, షార్జాల బిల్డింగుల పనికి పోయిండు. పోయినంక కంపెనీ ఇడిసి పారిపోయి దొంగతనంగ పని చేసుకుంటున్నడు. గండ్లకెళ్లి ఫోన్లు తగ్గినయి. పోలీసోళ్ల భయానికి ఇయ్యాల ఈడ, రేపు ఆడ. సాయవ్వ ఆఖరుసారి ఫోన్ల అన్న మాట బయట కూసున్నోళ్లందరు ఇన్నరు. "ఎదురింటోళ్లు మేడ లేపిర్రు. మనిల్లు చిన్నగ కనవడ్తున్నది. అస్తే గుర్తువడుతవా, దాటి పోతవా?" గా మాట జమున బుక్కు ఆఖరి పేజీల పెట్టింది. పెట్టే ముందు అడిగింది. "పెట్టుకో, నా పేరు రాకుంట సూడు" అన్నది సాయవ్వ.

అచ్చేసుడు జగిత్యాలల. అనంత్ రావు సారు ప్రెస్సుల. ఆయనది బుగ్గారం దొరల ఖాందాన్. భూములు పోయినంక ప్రెస్సు పెట్టుకున్నడు, పెండ్లి పత్రికలు అచ్చేస్తడు. బుక్కులంటే ఇష్టం, మనిషి మెత్తన. జమున కాయిదాలు చూసి మస్తు ఖుషీ అయ్యిండు. మేము ఇచ్చి అచ్చినం. గంతల జమున నాయినకు పాణం బాగలేదని ఎల్లారెడ్డిపేట పోయింది, కొన్నొద్దులు ఆడనే ఉన్నది. నేను మెట్‌పల్లి దిక్కు గోడల మీద రాసే పనికి పోయిన.

సారు ఏం చేసిండంటే, ఖాళీ బుగ్గలు చూసి మేము మరిసినమనుకున్నడు. మంది కొనుక్కోని 'ప్రెస్సోడు అక్షరాలు మింగిండు' అంటరని భయపడ్డడు. తానే కూసోని, మంచి పుస్తకాల భాషల, అన్ని బుగ్గలు నింపిండు. ఆఖరి పేజీల సాయవ్వ మాటకు ఎదురుంగ గిట్ల రాసిండు: 'దిగులు పడకు. వచ్చే నెలలో తప్పకుండా వస్తున్నాను.' అచ్చేసి, కట్టలు కట్టి, బస్సుల సిరిసిల్లకు, కోరుట్లకు పంపిండు. మాకు సాయం చేసిన అనుకున్నడు.

సాయవ్వకు చదువురాదు. ఖార్ఖానా కాడ బీడీలు ఇచ్చేటప్పుడు ఎవలో చదివి ఇనిపిచ్చిర్రు. గిది తన మాటే. దానికి రాజయ్య జవాబు గిదిగో. ఆమెకు అనుమానం ఏం రాలే. ఎందుకస్తది? మాట కూరగాయలామె నోట్లకెళ్లి అచ్చింది, పాలాయన నోట్లకెళ్లి అచ్చింది. బుక్కుల నుంచి అస్తే తప్పేంది? రాజయ్య బూతుకు ఫోన్ చేసి ఉంటడు, తాను లేకుంటే జమునకు చెప్పి ఉంటడు, జమున ఊరికి పోయేముందు బుక్కుల ఏసి పోయింది. గంతే ఆమె లెక్క. చదివినామె గూడ గదే అనుకున్నది.

ఇంటికి సున్నం ఏసింది సాయవ్వ. పైన గూన పెంకులు సదిరిచ్చింది. మేడ పక్కన ఇల్లు కనవడాలెనని తలుపుకు పచ్చరంగు పూసింది. బీడీల కాడ అందరికి చెప్పింది. పుంజును తెచ్చి పెరట్ల కట్టింది, వేములవాడ రాజన్నకు మొక్కింది. బస్సులచ్చే యాళ్లకు బస్టాండుకు పోవుడు మొదలువెట్టింది.

జమున ఊరికెళ్లి అచ్చి బస్సు దిగంగనే బస్టాండ్ల సాయవ్వ కనవడ్డది, కొత్తచీర కట్టుకోని.

"ఎవలకోసం వదినె?"

"నువ్వే చెప్పి నన్నే అడుగుతున్నవా?" అని నవ్వింది సాయవ్వ.

జమునకు సమజ్ కాలే. ఇంటికి పోయి బుక్కు తెరిసి చూసింది. గా పొద్దే సాయవ్వ ఇంటికి పోయింది. నాకు గీ ముచ్చట జమునే చెప్పింది, ఎన్నిసార్లు చెప్పినా ఒక్కతీరే చెప్పింది.

"రాజయ్యన్న ఫోన్ చెయ్యలేదు వదినె. గది ప్రెస్సాయన రాసిన మాట."

"ప్రెస్సాయన మా ఆయనకు ఏమైతడు?"

"ఏం గాడు."

"మరి గాయినకెట్లెర్క?"

"ఎర్క లేదు. ఊకెనే రాసిండు."

సాయవ్వ తునికాకు తీసి అటు చూసింది, ఇటు చూసింది. "గోడలకు సున్నం ఏసిన" అన్నది. గంతే. మల్ల కత్తెర పట్టుకున్నది.

తెల్లారి జమున చాట పట్టుకోని పోతే, జాగ ఇచ్చిర్రు. ఒక్కలు తిట్టలే. ఒకామె, "టమాటలు పిరమైనయి" అన్నది. ఇంకొకామె, "అవు" అన్నది. ఇగ మాట లేదు. తిడితే బాగుండు అన్నది జమున నాతోని. ఆమె లేసి నాలుగు ఇండ్లు దాటంగనే ఎన్క నవ్వులు ఇనవడ్డయట. శుక్రారం బూతు కాడ గూడ, ఫోన్ పట్టినోళ్లు ఆమెను చూసి గొంతు తగ్గిచ్చుడు, కొంగు అడ్డం పెట్టుకొనుడు. ఒకామె మొఖం మీదనే అన్నది, "జమున ముంగట మాట్లాడకుర్రి, షార్జా పోయినోళ్లను బుక్కుల ఎక్కిచ్చి తోలుకస్తది" అని.

జమునకు పొలం లేదు, దుకాణం లేదు. ఆమె బుక్కులన్ని గీళ్ల నోటి మాటల్లకెళ్లే అస్తయి. గాళ్లు మాట్లాడకపోతే ఏం రాస్తది? కాని ఆమెకు గా రంది కంటె సాయవ్వ రంది ఎక్కువుండె. సాయవ్వ నవ్వుడు బందువెట్టింది.

ఇద్దరం జగిత్యాల పోయినం. రావు సారు మేము చెప్పేదంత ఇన్నడు. అద్దాలు తీసి తుడిసిండు, మల్ల పెట్టుకున్నడు, మల్ల తీసిండు.

"మంచే అనుకున్న జమునా. రేపు నేనే అస్త. ఆమె ఇంటికచ్చి చెప్పుకుంట."

"రాకుర్రి సారూ."

"ఎందుకు?"

"మీరస్తే ఆమె చాట పక్కకువెట్టి లేసి నిలవడ్తది. తప్పు మనం చేసి, నిలవడుడు ఆమెనా?"

"మరేం చేద్దాం?" అన్నడు సారు. జమున నన్ను చూసింది. "ఏసన్నా, తెల్లరంగు ఉన్నదా?"

నేను బోర్డుల మీద తప్పు పోతే తెల్లరంగు పూసి మల్ల రాస్త. గదే పని. సారు దగ్గర మిగిలిన కట్టలకు సారే కూసోని పూసిండు, తన చేతులతోనే. ఆయన పెద్దకోడలు ఊర్మిళమ్మ చాయ్ తెచ్చి, "మామయ్యా, అంచులు దాటుతున్నది" అని చెప్పుకుంట నిలవడ్డది. అమ్ముడువోయిన బుక్కుల కోసం నేను, జమున ఇల్లిల్లు తిరిగినం. సిరిసిల్లల తిరిగినం, కోరుట్లల తిరిగినం, ఎల్లంతకుంట దాక పోయిన బుక్కులు గూడ పట్టుకున్నం. జమున సంగతి చెప్పేది, నేను అరుగు మీద కూసోని సన్న బ్రష్‌తోని బుగ్గలు తెల్లగ చేసేది. కోరుట్లల ఒక ముసలామె బుక్కు ఇయ్యనన్నది. "మావోడు గిట్లనే మాట్లాడ్తడు, పుయ్యకు" అన్నది. సరేనని ఇడిసినం.

ఒక్కో కాడ రంగు ఆరేదాక కూసోవాలె. కూసున్నంక ఎవలో ఒకలు అడిగేటోళ్లు, "మరి ఇప్పుడేమంటున్నడు గాయిన?"

"నువ్వే చెప్పు పెద్దవ్వ," అనేది జమున.

చెప్పేటోళ్లు. కొంచెం కొంచెం నోర్లు తెరుసుకున్నయి. అన్ని ఇండ్లు అయినయి. సాయవ్వ ఇల్లు మిగిలింది. పచ్చ తలుపు దూరం నుంచే కనవడ్తున్నది. నేను రంగు డబ్బ తీసిన. సాయవ్వ చెయ్యి అడ్డంపెట్టింది.

"నాది నాకుండనియ్యి ఏసన్నా."

"అబద్ధం గద వదినె," అన్నది జమున.

"అబద్ధమే. గని మా ఆయన దిగులు పడకు అని ఎన్నడన్న అన్నడా? గట్ల రాసున్నది ఒకటి ఇంట్ల ఉండనియ్యి."

డబ్బ మూత పెట్టుకోని ఇద్దరం అచ్చినం. నేను బస్సెక్కేముందు జమున, "ఇగ నేను రాయనన్నా" అన్నది. నేను ఏం చెప్త? నాకు నచ్చజెప్పుడు రాదు. "సరే, కోడిని గీసుకుంట" అన్న. జర నవ్వింది.

గట్ల చలికాలం పోయింది. జమున బీడీల కాడ కూసుంటనే ఉన్నది, టమాటల ముచ్చట ఇనుకుంట. లచ్చయ్య ఫోన్ చేస్తే, "అన్ని బాగున్నయి" అని పెట్టేసేది. ఎండలు ముదిరినంక ఒక శుక్రారం నేను గా బూతు కాడనే ఉన్న, గోడకు రంగు ఎలిసిపోతే మల్ల పూస్తున్న. బూతాయన తలుపు తీసిండు.

"సాయవ్వ, షార్జా!"

వరుసల ఉన్నోళ్లందరి చేతులు ఆగినయి. గిది నేను చూసిన. బీడీల చేతులు ఆగుడు గా ఒక్కసారే చూసిన. సాయవ్వ లేసింది. చాట పక్కామెకు ఇయ్యలే, చంకల పట్టుకోనే తలుపు దాక పోయింది. ఆడ ఆగి ఎన్కకు తిరిగింది.

"జమునా, రా."

"నేనెందుకు వదినె?"

"రమ్మంటే రావాలె. ఆయన లైన్ మీదున్నడు, నీతోని పంచాతి పెట్టుకుంట కూసోవాల్నా?"

జమున పోయింది. గా చిన్న బూతుల ఇద్దరు పట్టరు. చాట ఒకటి అడ్డం. సాయవ్వ ఫోన్‌ను తన చెవుకు, జమున చెవుకు నడుమ పట్టింది. నెత్తికి నెత్తి ఆనిచ్చి ఇద్దరు ఇన్నరు. మాకు సాయవ్వ మాటలే ఇనవడ్డయి. "ఊఁ." "ఊఁ." "తిన్న." "తలుపు పచ్చగున్నది. పచ్చ తలుపు." "ఊఁ." శానసేపు ఏం మాట్లాడకుంట ఇన్నది. జమున కండ్లు మూసుకున్నది. ఏండ్ల సంది సగమే ఇన్న మనిషి గా పొద్దు పూరాగ ఇన్నది.

బయటికచ్చినంక సాయవ్వ చాట ఒళ్లెవెట్టుకోని కూసున్నది. "ఇన్నవు గదా," అన్నది జమునతోని. "గిప్పుడు రాసుకో. సూటిగ ఆయన నోట్లకెళ్లి అచ్చిన మాట."

పక్కామె ఉండవట్టలేక, "ఏమన్నడే?" అన్నది.

"జమునను అడుగు. బుక్కులేస్తది గదా."

అందరు నవ్విర్రు. సాయవ్వ గూడ.

గా వారంల జమున నా దగ్గరికి కోరుట్లకచ్చింది. కొత్త బొమ్మ చెప్పింది. ఒక బూతు, ఒక ఫోను, ఇద్దరాడోళ్లు, చాట. గీసిన. ఫోన్ల నుంచి బుగ్గ గీసిన. "చెప్పు చెల్లె, ఏం రాయాలె?" అని బ్రష్ పట్టుకోని కూసున్న.

"ఖాళీగ ఇడిసెయ్ అన్నా."

"అరే, ఇన్నవు గదా. ఆమెనే రాసుకొమ్మన్నది."

"రాసుకొమ్మన్నది. ఇనిపిచ్చింది మాత్రం రాయనీకి గాదు."

నేను గా మాట ఇప్పటిదాక ఆమెను అడుగుతనే ఉన్న. రాజయ్య ఏమన్నడో చెప్పలే. లచ్చయ్య భీవండి నుంచి మల్లచ్చినంక ఆయనకు గూడ చెప్పలేదట. గా బొమ్మ 'సగం ఫోను' రెండోసారి అచ్చేసినప్పుడు ఆఖరి పేజీల పెట్టినం. రావు సారు ప్రెస్సుల గా పేజీ ఎక్కిచ్చేటప్పుడు పనోళ్లకు చెప్పిండట, "ఖాళీనే. ఎవడు చెయ్యి పెట్టకుర్రి" అని.

కొత్త బుక్కు తీసుకోని సాయవ్వ ఇంటికి పోతే, నన్ను కూసుండవెట్టి లోపటికి పోయింది. పాత బుక్కు పట్టుకచ్చింది, సున్నం మరకలతోని.

"రంగు తెచ్చినవా ఏసన్నా?"

"డబ్బ ఎప్పుడు సంచిల ఉంటది."

"ఇగ పుయ్యి."

పూసిన. ఆరినంక పేజీ లేపి ఎలుగుకు పట్టుకోని చూసింది. నల్ల అక్షరాలు లోపటికెళ్లి సన్నగ కనవడ్తున్నయి.

"ఇంకో సుట్టు పుయ్యి" అన్నది. పూసిన.